గ్రూపుకు మెయిల్ పంపడం: చిత్తూరు అయ్యవారి తాళపత్రాల ప్రశ్నకు నా జవాబు

అయ్యవారికి నమస్కారం.

మీ ప్రశ్న చదవనివాళ్ల కోసం ముందు దాని సారం చెప్పేస్తాను. మీరు చిత్తూరులో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. తాతగారి పెట్టెలో తాళపత్రాల కట్ట ఒకటి దొరికింది. పాత రాత చదవగలిగినవాళ్లు ఉండే ఒక గూగుల్ గ్రూపులో (ఒక్క అడ్రస్‌కు మెయిల్ పంపితే సభ్యులందరికీ చేరే ఏర్పాటు) చేరి, ఆకుల ఫోటోలు జతచేసి మెయిల్ పెట్టారు. మీరు పెట్టిన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కు రాలేదు. పోలేదేమో అని మరో రెండుసార్లు పంపారు. మూడో రోజున ఒక సభ్యుడు "ఒకే మెయిల్ ఎన్నిసార్లు పంపుతారు" అని విసుక్కున్నారు. ఆయన ఒక్కరికే అనుకుని మీరు రాసుకున్న సంజాయిషీ కాస్తా గ్రూపులో అందరికీ వెళ్లిపోయింది. ఈలోగా రోజుకు ముప్పై నలభై మెయిళ్లు వచ్చిపడి, పింఛను గురించి రావలసిన మెయిల్ వాటి కింద ఎక్కడో మునిగిపోయింది. "ఈ వయసులో నాకెందుకీ టెన్షన్, గ్రూపు నుంచి వచ్చేద్దామనుకుంటున్నాను" అన్నారు.

వచ్చేయకండి. మీ ప్రశ్నతో పాటు పెట్టిన ఫోటోలు చూశాను. ఆ కట్టను చదవగలిగే మనుషులు ఆ గ్రూపులోనే ఉన్నారు. నేను తిరుపతిలో లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. శాసనాలు, రాతప్రతుల మీద మాట్లాడుకునే ఒక చిన్న మెయిల్ గ్రూపుకు చాలా ఏళ్లుగా మోడరేటర్‌గా ఉన్నాను. మీకు జరిగినవన్నీ కొత్తగా చేరిన ప్రతి పెద్దమనిషికీ జరుగుతాయి. అందులో మీ తప్పు చాలా తక్కువ.

మొదట ఆ మూడు మెయిళ్ల సంగతి. మొదటిసారే మీ మెయిల్ అందరికీ చేరింది. చేరలేదని మీకు అనిపించడానికి కారణం జీమెయిల్ పనిచేసే తీరు. ప్రతి మెయిల్‌కూ లోపల, మనకు కనబడకుండా, మెసేజ్ ఐడీ అని ఒక గుర్తింపు ఉంటుంది. ఏ రెండు మెయిళ్లకూ అది ఒకటి కాదు. మీరు గ్రూపుకు పంపగానే గ్రూపు సభ్యులందరికీ తలా ఒక కాపీ పంపింది. మీరూ సభ్యులే కాబట్టి మీకూ ఒకటి పంపింది. కాని ఆ కాపీ మీద ఉన్న గుర్తింపు, మీ సెంట్ ఫోల్డర్‌లో అప్పటికే ఉన్న మెయిల్‌ది ఒకటే. "ఇది ఈయన దగ్గర ఉన్నదే కదా" అని జీమెయిల్ దాన్ని మళ్లీ ఇన్‌బాక్స్‌లో చూపించలేదు. ఎవరైనా జవాబు ఇచ్చినప్పుడు మాత్రం ఆ సంభాషణ మొత్తం, మీ మెయిల్‌తో సహా, పైకి వస్తుంది. కాబట్టి ఇకమీదట మెయిల్ పోయిందా లేదా అని చూడాలంటే ఇన్‌బాక్స్ చూడకండి. బ్రౌజర్‌లో గూగుల్ గ్రూప్స్ తెరిచి, ఆ గ్రూపు పేరు నొక్కి, పైవరసలో మీ సబ్జెక్ట్ ఉందేమో చూడండి. ఉంటే పోయినట్టే.

అక్కడా లేకపోతే రెండు కారణాలుంటాయి. ఒకటి, కొత్త సభ్యుల మొదటి ఒకటి రెండు మెయిళ్లను చాలా గ్రూపుల్లో మోడరేటర్ చూసి వదులుతాడు. ఈ పని జీతానికి చేసేది కాదు. ఇంట్లో పెళ్లో, ఊరి ప్రయాణమో ఉంటే రెండు రోజులు ఆలస్యం కావచ్చు. నేనే ఒకసారి తిరుమలలో మూడు రోజులు ఉండిపోయి, దిగి వచ్చేసరికి పన్నెండు మెయిళ్లు నా కోసం ఎదురుచూస్తున్నాయి. అందులో ఐదు ఒకే మనిషివి. రెండో కారణం, మీరు చేరిన అడ్రస్ ఒకటి, పంపుతున్న అడ్రస్ ఇంకొకటి కావడం. ఇది అనుకునేదానికంటే ఎక్కువగా జరుగుతుంది. మనవడు ఫోన్‌లో తన అకౌంట్ కూడా పెట్టి ఉంటాడు, మనం చూడకుండా దాని నుంచి పంపేస్తాం. గ్రూపుకు మీ ముఖం తెలియదు, మీ అడ్రస్ ఒక్కటే తెలుసు. రాసేటప్పుడు పైన "ఫ్రమ్" అని ఉన్న చోట ఏ అడ్రస్ ఉందో ఒక్క చూపు చూడండి.

ఇక అందరికీ వెళ్లిపోయిన ఆ సంజాయిషీ. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మెయిల్ ద్వారా గ్రూపులో రాయడంలో అసలు జాగ్రత్త అంతా ఇక్కడే ఉంది.

వాట్సాప్‌లో పొరపాటున పెడితే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కుతాం. ఫేస్‌బుక్‌లో రాసింది దిద్దుకుంటాం. మెయిల్ అలా కాదు, తపాలా డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిది. గ్రూపు పేజీలో మీ మెయిల్‌ను తర్వాత తీయించినా, అప్పటికే ఐదువందల మంది ఇన్‌బాక్స్‌లలో ఐదువందల కాపీలు ఉంటాయి. వాటిని మీరూ తీయలేరు, నేనూ తీయలేను. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే నేను చెప్పబోయే మిగతా జాగ్రత్తలు మీకే తడతాయి.

నాకు జరిగింది చెబుతాను. 2010 ప్రాంతంలో మా గ్రూపులో ఒక పెద్దాయన ఒక శాసనం పాఠం పెట్టారు. అందులో ఒక అక్షరం ఆయన తప్పు చదివారని నాకు అనిపించింది. అదే సంగతి మీద నాకు తెలిసిన మిత్రుడికి రెండు వాక్యాలు రాశాను: పెద్దాయనకు కళ్లు ఆనడం లేదేమో, ఎవరైనా మెల్లగా చెబితే బాగుంటుందని. ఆ మిత్రుడి మెయిల్‌కు రిప్లై కొట్టాననుకున్నాను. ఆ మెయిల్ గ్రూపు ద్వారా వచ్చినది. మా గ్రూపులో రిప్లై కొడితే గ్రూపుకే పోయేలా అప్పట్లో సెట్ చేసి ఉంది. ఆ సెట్టింగ్ పెట్టింది నేనే. పంపిన మరుక్షణమే చూసుకున్నాను. చేయడానికి ఏమీ లేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే శ్రీకాళహస్తి వెళ్లి ఆయన ఇంటి తలుపు తట్టాను. బల్ల మీద ఆ శాసనం నకలు కాగితం పరిచి ఉంది, పక్కన భూతద్దం. ఆయన మెయిల్ సంగతి ఎత్తలేదు. "ఏ అక్షరమో చూపించు నాయనా" అన్నారు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఆ కాగితం మీదే కూర్చున్నాం. వత్తు కింద రాయి పెచ్చు లేచిన చోట నీడ పడి నాకు వేరే అక్షరంలా కనబడింది. ఆయన చదివినదే సరైనది. ఆ సాయంత్రమే ఆ మాట గ్రూపులో రాశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ రెండు వాక్యాలు మాత్రం ఇప్పటికీ గ్రూపు పాత మెయిళ్లలో ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి.

అందుకే నా అలవాటు ఒకటి: పంపే ముందు "టు" అని ఉన్న గడిని వేలు పెట్టి చదువుతాను. పేరు కాదు, పేరు వెనకున్న అడ్రస్ చదవాలి. ఈ తేడా ఎందుకంటే, 2014 ఏప్రిల్‌లో యాహూ తన మెయిల్ నియమాలు బిగించింది. యాహూ అడ్రస్‌తో ఉన్న మెయిల్ యాహూ సర్వర్ నుంచి కాకుండా వేరే చోటు నుంచి వస్తే నకిలీగా లెక్కగట్టి తిప్పికొట్టమని మిగతా మెయిల్ కంపెనీలకు చెప్పింది. గ్రూపు చేసే పని సరిగ్గా అదే కదా, మీ పేరుతో ఉన్న మెయిల్‌ను తన సర్వర్ నుంచి అందరికీ పంచడం. ఎన్నో గ్రూపుల్లో మెయిళ్లు ఒక్కసారిగా తిరుగుటపా కట్టాయి. దానికి విరుగుడుగా గ్రూపులు పంపినవారి అడ్రస్ స్థానంలో తమ అడ్రస్ పెట్టి, పేరు దగ్గర "ఫలానావారు వయా ఫలానా గ్రూపు" అని చూపించడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఇలాంటి కట్టుబాటు ఉన్న మెయిల్ కంపెనీలు చాలా ఉన్నాయి. దాంతో ఏమవుతుందంటే, పేరు ఒక మనిషిది కనబడుతుంది, వెనకున్న అడ్రస్ గ్రూపుది అయి ఉండవచ్చు. మీకు జరిగింది బహుశా ఇదే. "వయా" అన్న మాట కనబడితే ఇంకోసారి చూసుకోండి. ఒక్కరికే రాయాలంటే రిప్లై నొక్కకుండా కొత్త మెయిల్ తెరిచి, ఆయన అడ్రస్ మీరే టైప్ చేయడం అన్నిటికంటే భద్రం.

ఇంకో చిన్న సాయం జీమెయిల్‌లోనే ఉంది. కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిస్తే "అన్‌డూ సెండ్" అని ఉంటుంది. మామూలుగా 5 సెకన్లు ఉంటుంది, దాన్ని 30 చేయండి. నిజానికి అది మెయిల్‌ను వెనక్కి తేవడం కాదు, మీరు పంపు అన్నాక అర నిమిషం ఆగి పంపడం. ఆ అర నిమిషం ఉంటే 2010లో నేను శ్రీకాళహస్తికి వేరే పని మీద వెళ్లేవాడిని.

ఇప్పుడు మీ మెయిల్ సంగతికి వస్తాను. మీరు మీ ప్రశ్నలో దాని నకలు కూడా పెట్టారు కాబట్టి దాన్నే తీసుకుని చెబుతాను. సబ్జెక్ట్ గడిలో "నమస్కారం" అని ఉంది. లోపల మొదటి పేరా మీ వంశం, రెండోది తాతగారి విద్వత్తు, మూడోది పెట్టె దొరికిన వైనం. ప్రశ్న చివరి వాక్యంలో ఉంది: "పెద్దలు చదివి చెప్పగలరు." కింద పదకొండు ఫోటోలు, మొత్తం దాదాపు పద్దెనిమిది ఎంబీ.

అయ్యవారూ, ఉత్తరం చాలా బాగుంది. మీ తాతగారు దీపం పెట్టుకుని ఆకుల మీద నూనె రాసే వాక్యం నేను రెండుసార్లు చదివాను. కాని ఆ గ్రూపులో తాళపత్రం చదవగలిగినవాళ్లు ఏ పది మందో ఉంటారు. వాళ్లకు రోజుకు నలభై మెయిళ్లు వస్తాయి. వాళ్లు ముందు సబ్జెక్ట్ చూస్తారు, దాన్ని బట్టి తెరవాలా వద్దా అనుకుంటారు. "నమస్కారం" అని ఉంటే తర్వాత చూద్దాంలే అనుకుంటారు, ఆ తర్వాత అనేది రాదు. అదే "చిత్తూరు జిల్లా ఇంటి తాళపత్రం, మొదటి ఆకు మూడో పంక్తి చదవడానికి సాయం" అని ఉంటే, చదవగలిగినవాడికి చెయ్యి ఊరుకోదు. ఇంకో లాభం, పదేళ్ల తర్వాత ఎవరో ఇలాంటి కట్ట పట్టుకుని వెతికినప్పుడు అది దొరుకుతుంది.

ఒక మెయిల్‌లో ఒక్క ప్రశ్న అడగండి. పదకొండు ఆకులు చదివిపెట్టమంటే అది నెల రోజుల పని, ఎవరూ మొదలుపెట్టరు. ఒక పంక్తి అంటే ఐదు నిమిషాల పని, వెంటనే చేస్తారు. ఒక పంక్తి చదివాక వాళ్లే "తర్వాతి పంక్తి కూడా పెట్టండి" అంటారు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. ముందు మీరు ఎంత వరకు చదవగలిగారో రాయండి, ఎక్కడ ఆగారో చెప్పండి. "మూడో పంక్తిలో నాలుగో అక్షరం అరసున్నో, ఆకుకు పడిన పురుగు చిల్లో తేలడం లేదు" అని రాస్తే, అవతలివాడికి మీరు పని చేసిన మనిషని తెలుస్తుంది. ఆకు పొడవు వెడల్పులు, ఎన్ని ఆకులు, ఎన్ని చిల్లులు, ఏ ఊరు అన్నవి రెండు వాక్యాల్లో చెప్పండి. తాతగారి కథ ప్రశ్న తర్వాత పెట్టండి, తీసేయకండి. అందులోంచే ఒకరికి ఏదో ఆధారం దొరకవచ్చు.

ఫోటోల దగ్గర ఒక లెక్క ఉంది. జీమెయిల్ ఒక మెయిల్‌కు 25 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది. కాని మెయిల్ అనేది పుట్టుకతో ఒట్టి అక్షరాలు మోయడానికి తయారైన బండి. ఫోటోను కూడా అక్షరాలుగా మార్చి పంపుతుంది, అలా మార్చినప్పుడు సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. మీ పద్దెనిమిది ఎంబీ దారిలో ఇరవై నాలుగు అయింది, మూడుసార్లు పంపారు, అంతమంది ఇన్‌బాక్స్‌లలోకి వెళ్లింది. ఆ సభ్యుడి విసుగుకు కారణం అదే, మీ మీద కోపం కాదు. కొన్ని గ్రూపులు మెయిల్‌మన్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. అందులో అడ్మిన్ మార్చకపోతే హద్దు 40 కేబీ మాత్రమే, అది దాటితే మెయిల్ మోడరేటర్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఇలా చేయండి. ఆ ఒక్క పంక్తి మేరకు ఫోటోను క్రాప్ చేయండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా తీస్తే గంటం గీసిన గాడి నీడతో సహా తేలుతుంది. ఫ్లాష్ వేస్తే ఆకు మెరిసి అక్షరం పోతుంది. ఆకు పక్కన ఒక స్కేలు పెట్టండి. అది జతచేయండి. మొత్తం పదకొండు ఆకులూ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, "లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు" అని మార్చి, ఆ లింక్ ఇవ్వండి. మార్చడం మరిచిపోతే చూడాలనుకున్న ప్రతివాడూ మిమ్మల్ని అనుమతి అడుగుతూ మెయిల్ పెడతాడు, మీకు ఇంకో నలభై మెయిళ్లు.

తెలుగులో రాయడం గురించి మీరు అడగలేదు గాని నేను చెప్పాలి. మీ మెయిల్ మధ్యలో ఒక పేరా నాకు గజిబిజి ఇంగ్లీషు అక్షరాలుగా కనబడింది. అది మీరు డీటీపీ సెంటర్‌లో కొట్టించి తెచ్చుకున్న ఫైలులోంచి కాపీ చేసి అతికించినది అయి ఉంటుంది. మన దగ్గర అచ్చు పనికి అను ఫాంట్లు వాడతారు. అందులో తెరమీద తెలుగు కనబడుతున్నా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది. ఫోన్‌లో జీబోర్డ్ పెట్టుకుంటే చాలు, వేలితో రాసినా గుర్తుపడుతుంది. కంప్యూటర్‌లో అయితే లేఖిని ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. ఈ పద్ధతికి మనవాళ్లలో పెద్ద చరిత్రే ఉంది. తెలుగు అక్షరాలు తెరమీద రాని రోజుల్లో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. 1990లలో తెలుగువాళ్లు మెయిళ్లలో, చర్చల్లో పద్యాలు కూడా అలాగే రాసుకున్నారు. ఆ పద్యాల కోసం వాళ్లు పడిన పాట్లు తలుచుకుంటే, ఫోన్ తెరమీద తెలుగు కనబడగానే నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

తాళపత్రాల విషయంలో ఇంకో చిక్కుంది. పాత రాతలో ఉండే నకారపొల్లు (అచ్చు లేని నకారానికి వాడే ప్రత్యేక గుర్తు) యూనికోడ్‌లో చేరింది 2021లోనే. అది మీరు టైప్ చేసినా చాలామంది ఫోన్లలో డబ్బా గుర్తు కనబడుతుంది. కాబట్టి అలాంటి చోట "ఇక్కడ నకారపొల్లు ఉంది" అని మాటల్లో రాయండి. వలపలగిలక (ముందు పలికే రకారాన్ని అక్షరానికి కుడి పక్కన రాసే పాత గుర్తు) ఉన్న చోట కూడా అంతే, "వలపలగిలకతో రాశారు" అని చెప్పి ఫోటో చూపండి. ఇంకొక మాట, మన చిత్తూరు వైపు మూడు భాషల సరిహద్దు. ఇళ్లలో దొరికే కట్టల్లో తెలుగు ఆకుల మధ్య గ్రంథ లిపి (తమిళ దేశంలో సంస్కృతం రాయడానికి వాడిన లిపి) ఆకు, తమిళ ఆకు కలిసి ఉండటం కొత్తేమీ కాదు. మీ ఏడో ఫోటోలోది నాకు తెలుగు రాతలా అనిపించలేదు. గ్రంథ లిపి చదివే మిత్రులు తమిళనాడులో, కేరళలో ఎక్కువ, వాళ్లకు తెలుగు రాకపోవచ్చు. ఆ ఆకు గురించి విడిగా మెయిల్ పెట్టినప్పుడు తెలుగు కింద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో కూడా రాయండి. మీకు ఇబ్బందయితే నాకు పంపండి, రాసిపెడతాను.

జవాబులు రావడం మొదలయ్యాక రెండు మర్యాదలు. జవాబుకు జవాబు రాసేటప్పుడు కింద పాత మెయిళ్లన్నీ తోకలా వస్తాయి. ఆరో జవాబుకు ఆ తోక పది పేజీలవుతుంది. మీరు ఏ వాక్యానికి బదులిస్తున్నారో ఆ ఒక్క వాక్యం ఉంచి, మిగతాది చెరిపేసి, దాని కింద మీ మాట రాయండి. జీమెయిల్‌లో మూడు చుక్కల గుర్తు నొక్కితే ఆ తోక తెరుచుకుంటుంది. సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మెయిల్‌ను మధ్యలో కత్తిరించి చూపిస్తుంది. తోక పెరిగితే చివర రాసిన మీ మాట చదివేవాడికి కనబడకుండా పోతుంది.

రెండోది, కొత్త విషయం ఎత్తుకోవాలంటే పాత మెయిల్‌కు రిప్లై కొట్టి సబ్జెక్ట్ మార్చకండి. అడ్రస్ టైప్ చేసే పని తప్పుతుందని చాలామంది చేస్తారు. కాని రిప్లై కొట్టగానే, ఇది ఫలానా మెయిల్‌కు జవాబు అని ఆ పాత మెసేజ్ ఐడీ మీ మెయిల్ లోపల చేరిపోతుంది. సబ్జెక్ట్ మార్చినా అది పోదు. చాలా మెయిల్ ప్రోగ్రాములు, పాత మెయిళ్ల పేజీలు మీ తాళపత్రాల ప్రశ్నను ఎవరిదో నాణేల చర్చ కింద కలిపేస్తాయి. తాళపత్రాల మనిషి ఆ చర్చ తెరవనే తెరవడు. గ్రూపు అడ్రస్‌ను కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి, రెండక్షరాలు కొడితే అదే వస్తుంది.

ఇక నలభై మెయిళ్ల వరద. దీనికి గ్రూపు మానేయడం మందు కాదు. గూగుల్ గ్రూప్స్ పేజీలో "మై మెంబర్‌షిప్ సెట్టింగ్స్" అని ఉంటుంది. అక్కడ మెయిళ్లు ఎలా రావాలో నాలుగు రకాలు చూపిస్తుంది: ప్రతిదీ విడివిడిగా, పాతిక మెయిళ్లు కలిపి ఒక కట్టగా, రోజుకొకసారి క్లుప్తంగా, అసలు వద్దు. మీకు పాతిక కట్ట, అంటే డైజెస్ట్, సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: డైజెస్ట్‌కు నేరుగా రిప్లై కొట్టకండి. కొడితే సబ్జెక్ట్‌లో డైజెస్ట్ పేరు, కింద పాతిక మెయిళ్ల తోక వెళ్తాయి, మీరు ఎవరికి బదులిచ్చారో ఎవరికీ తెలియదు. డైజెస్ట్‌లో ఆ చర్చ పేరు మీద నొక్కితే గ్రూపు పేజీ తెరుచుకుంటుంది, జవాబు అక్కడ రాయండి. మీరు ప్రశ్న అడిగిన వారం మాత్రం విడివిడిగా వచ్చేలా పెట్టుకోవడం మేలు. అప్పుడు ఇన్‌బాక్స్ నిండకుండా జీమెయిల్‌లో ఒక లేబుల్ చేసుకుని, ఆ గ్రూపు మెయిళ్లు నేరుగా దానిలోకి పోయేలా ఫిల్టర్ పెట్టండి. అదే ఫిల్టర్‌లో "నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్" కూడా టిక్ చేయండి. మీ పింఛను మెయిల్ దొరకలేదన్నారు, స్పామ్ ఫోల్డర్ కూడా ఒకసారి తెరిచి చూడండి. అక్కడ నెల దాటితే తనంతట తనే పోతుంది, కాబట్టి ఈ పని ఈరోజే చేయండి.

బయటికి రావాలని ఎప్పుడైనా నిజంగా అనిపిస్తే "నన్ను తీసేయండి" అని గ్రూపుకు రాయకండి. అది కూడా అందరికీ వెళ్తుంది. గ్రూపు పేరు తర్వాత ప్లస్ గుర్తు, అన్‌సబ్‌స్క్రయిబ్ అన్న మాట, ఆపైన మామూలుగా ఉండే ఎట్ గుర్తు, గూగుల్‌గ్రూప్స్ డాట్ కామ్: ఆ అడ్రస్‌కు ఖాళీ మెయిల్ పంపితే చాలు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీ మెయిల్ చివర మీ ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఉన్నాయి. ఉత్తరం కింద చిరునామా రాయడం మన తరం పద్ధతి. కాని చాలా గ్రూపుల పాత మెయిళ్లు గూగుల్‌లో వెతికితే ఎవరికైనా కనబడతాయి. పాత తాళపత్రాలు కొనుక్కుపోయే బేరగాళ్లూ ఉన్నారు. ఆ కట్ట ఏ ఇంట్లో ఉందో, ఆ ఇంట్లో ఎవరుంటారో లోకానికి చెప్పనవసరం లేదు. పేరు, ఊరు చాలు. ఆ మూడు మెయిళ్లనూ గ్రూపు పేజీలోంచి తీసేయమని మోడరేటర్‌కు విడిగా రాయండి. ఇన్‌బాక్స్‌లలో ఉన్నవి ఉంటాయి గాని, బయటివాళ్లు వెతికితే దొరకకుండా అయినా ఉంటుంది.

ఇంత శ్రమ పడి మెయిల్ గ్రూపులోనే ఎందుకు, వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే పోదా అని మీ అబ్బాయి అన్నాడని రాశారు. వాట్సాప్‌లో పెట్టిన ఫోటో సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పోతుంది. మెయిల్ గ్రూపులో అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు కలిసి ఒక చోట నిలుస్తాయి. ప్రాచీన భారతీయ విద్యల పండితుల కోసం 1990లో మొదలైన ఇండాలజీ అనే మెయిల్ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది. అందులో పాత చర్చలు వెతికి చదువుకునేవాళ్లు ఉన్నారు. మన తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికి మీ కట్ట తీసుకువెళ్లి చూపించండి, తప్పకుండా చూపించాలి కూడా. కాని ఒక ఊళ్లో ఉండే ఇద్దరు ముగ్గురు పండితులు ఒక అక్షరం దగ్గర ఆగిపోతే, ఆ అక్షరం ఎక్కడో మైసూరులోనో, ప్యారిస్‌లోనో కూర్చున్న మనిషికి తట్టవచ్చు. ఆ మనిషిని అడగడానికి మీకు ఈ ఒక్క దారే ఉంది. నిలిచిపోతుందని పైన భయపెట్టాను. ఆ నిలిచిపోవడమే ఇక్కడ మనకు కావలసింది కూడా.

విసుక్కున్న ఆ సభ్యుడికి మళ్లీ సంజాయిషీ రాయకండి. మీ కొత్త ప్రశ్న సరైన రూపంలో వస్తే అదే చాలు. మూడుసార్లు పంపినందుకు మెయిల్ మొదట్లో ఒక వాక్యం రాయండి: "ఇంతకుముందు పొరపాటున మూడుసార్లు పంపాను, దయచేసి వాటిని వదిలేసి ఇది చూడండి." అంతకంటే వద్దు.

మీ మొదటి ఫోటోలో మూడో పంక్తి నేను పెద్దది చేసి చూశాను. మొదట "శ్రీ" స్పష్టంగా ఉంది, తర్వాత రెండక్షరాల మీద, గీసిన గాడి కనబడటానికి పూసే మసి తక్కువ పట్టింది. ఆకుకు ఇంకేమీ రాయకండి, నూనె కూడా వద్దు, ఆ పని తెలిసినవాళ్లు చేయాలి. కిటికీ వెలుతురులో ఇంకో ఫోటో తీయండి. ఈ కాలపు రాత బాగా చదివే ఒక మిత్రుడు ఆ గ్రూపులో ఉన్నారు. ఆయన ఉద్యోగం వల్ల ఆదివారం పొద్దున మాత్రమే గ్రూపు మెయిళ్లు తెరుస్తారు. శనివారం రాత్రి పంపండి, మీది పైనే ఉంటుంది.